పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే కర్నూలు, అనంతపురం, కడప పట్నాల్లో ఉద్యోగాలకు పోయే అమ్మానాన్నలకు ఒక లెక్క మొదలైనట్టే. 2025లో మార్చి 15 నుంచి బడి 7:45కు పెట్టి 12:30కు వదిలారు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా పూర్తి సెలవులు. మొత్తం 49 రోజులు. అందులో ఏడు ఆదివారాలు పోతే 42 రోజులు పిల్లలు ఇంట్లో, పెద్దలు పనిలో. ఏటా తేదీలు కాస్త అటూ ఇటూ జరిగినా లెక్క ఇంచుమించు ఇంతే.

ఈ 42 రోజులకు మన ఇళ్లలో ఉన్న దార్లు ఆరు. పల్లెలో అవ్వాతాతల దగ్గరికి పంపడం, అవ్వనే పట్నానికి పిలిపించుకోవడం, డే కేర్, సమ్మర్ క్యాంపు, ఇంటికి ఒక మనిషిని పెట్టుకోవడం, భార్యాభర్తలు సెలవులు పంచుకోవడం. చాలామంది వీటిని "ఎక్కడైతే ఏమన్నా నేర్చుకుంటారు", "ఎక్కడ ఖర్చు తక్కువ" అన్న లెక్కతో పోలుస్తారు. మన సీమ ఎండల్లో ఆ రెండూ తర్వాతి మాటలు. ఏప్రిల్ చివర్లో, మే నెలలో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలు, 42, 43 కూడా కొత్త కాదు. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికన్నా తొందరగా వేడెక్కుతుంది, దాహమైందని చెప్పడమూ వాళ్లకు చేతకాదు. అందుకని ముందు తేల్చుకోవాల్సింది పగలు పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా బిడ్డ ఏ గదిలో ఉంటుంది, పక్కన ఎవరు మెలకువగా ఉంటారు అన్నదే.

## పోల్చే ముందు చూసుకోవాల్సినవి

మెలకువగా ఉండే మనిషి. ఇంట్లో నలుగురున్నా మధ్యాహ్నం అన్నం తిని నలుగురూ పడుకుంటే బిడ్డ ఒంటరిగా ఉన్నట్టే. పిల్లలు నీళ్ల దగ్గరికి, మిద్దె మీదికి, రోడ్డు మీదికి పోయేది ఇల్లు సద్దుమణిగిన ఆ వేళలోనే. "ఎవరో ఒకరు ఉంటారులే" అని వదిలేయకుండా, ఆ ఐదు గంటలకు ఫలానా మనిషి అని పేరు అనుకోండి.

గది. డే కేర్ కానీ, పల్లెలో ఇల్లు కానీ, పక్కింటామె ఇల్లు కానీ, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పోయి ఆ గదిలో పది నిమిషాలు కూర్చోండి. పొద్దున పదింటికి చూస్తే ఏ గదైనా చల్లగానే ఉంటుంది. పై అంతస్తు గది, రేకుల గది, బేతంచర్ల బండలు పరిచిన పాత మిద్దె, ఈ మూడూ పగలంతా వేడి తాగి సాయంత్రం దాన్ని లోపలికి వదులుతాయి. అదే ఇంట్లో కింది గది ఉంటే పిల్లల్ని అక్కడే ఉంచమని అడగండి. మిద్దెకు తెల్ల సున్నం దట్టంగా కొట్టించినా తేడా తెలుస్తుంది.

గదిలో వేడి 40 దాటితే ఫ్యాను చల్లబరచదు, వేడి గాలిని ఒంటికి కొడుతుంది. అప్పుడు తడి గుడ్డతో ఒళ్లు తుడవడం, కూలర్ పెట్టడం, కింది గదికి మారడం పనికొస్తాయి. మనది పొడి గాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బాగా పనిచేస్తుంది. అయితే ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. గది అంతా మూసి కూలర్ పెడితే గంటకే ఉక్క పోస్తుంది. వానలు పడి గాలిలో తేమ చేరాక దాని బలం తగ్గుతుంది. ఇనుప బాడీ కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపి ప్లగ్గు కూడా పీకాలి, ఎర్తింగ్ ఉందో లేదో ముందే చూపించుకోవాలి. వారానికి ఒకసారి నీళ్లు పారబోసి తొట్టి ఆరబెట్టకపోతే దోమలు పెరుగుతాయి.

నీళ్లు. తాగే నీళ్లు ఎక్కడివన్నది సగం సంగతి. పడిపోయే నీళ్లు ఎక్కడున్నాయన్నది మిగతా సగం. సంపు మూత, బాత్రూంలో నిండు బకెట్టు, పెరట్లో తొట్టి, వీటన్నిటినీ చూడాలి. ఏడాది, రెండేళ్ల బిడ్డకు అడుగున జానెడు నీళ్లున్న బకెట్టు కూడా ప్రమాదమే. తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేదు.

ఆసుపత్రికి ఎంతసేపు. దూరం కిలోమీటర్లలో కాకుండా సమయంలో లెక్కేయండి. రాత్రి పదింటికి బండి దొరుకుతుందా అన్నది కూడా అందులో భాగమే.

డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. డే కేర్ ఫీజు కంటికి కనబడుతుంది, మిగతా దార్ల ఖర్చు కనబడదు. వారం వారం పల్లెకు పోయిరావడం, జీతం కోత పడే సెలవు, అవ్వ మందులు, అన్నీ కలిపి పక్కపక్కన రాసుకుంటేనే తేడా తెలుస్తుంది.

## ఒక చూపులో

| దారి | ఎవరికి బాగా సరిపోతుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|
| పల్లెకు పంపడం | ఐదేళ్లు దాటి, ఆ ఊరు అలవాటున్న పిల్లలు | పెద్దలు పనికి పోతే, ఊరి పక్కన కుంట, కాలువ ఉంటే |
| అవ్వ పట్నానికి రావడం | మూడేళ్లలోపు బిడ్డ, పాలు తాగే బిడ్డ | అవ్వకు మోకాళ్ల నొప్పి, మూడో అంతస్తు, తోడు లేకపోవడం |
| డే కేర్ | రెండేళ్లు దాటి, నలుగురిలో కలిసే బిడ్డ | మే నెలలో మూసేస్తే, ఒక్క మనిషికి ఎక్కువమంది పిల్లలుంటే |
| సమ్మర్ క్యాంపు | ఆరేళ్లు దాటిన పిల్లలు | పది గంటలకే అయిపోతుంది, ఆ తర్వాత ఎవరు? |
| ఇంటికి మనిషి | ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇల్లు | కొత్త మనిషి, చూసే పెద్ద దిక్కు లేని ఇల్లు |
| సెలవులు పంచుకోవడం | ఇద్దరిలో ఒకరు టీచరైతే, ఇద్దరి షిఫ్టులు వేరైతే | 42 రోజులకూ సరిపోదు |

## పల్లెకు పంపితే

పిల్లలకు ఇంతకన్నా సంతోషం వేరే ఉండదు. వేపచెట్టు నీడ, పెద్దనాన్న పిల్లలు, పొద్దున సంగటి, సాయంత్రం బేనీషా మామిడిపండు. పట్నంలో ఫోను వదలని పిల్లలు కూడా మూడోరోజుకు దాన్ని మరిచిపోతారు. ఇవన్నీ నిజమే. కాకపోతే పంపేముందు అవ్వాతాతల రోజు ఎట్లా గడుస్తుందో అడిగి తెలుసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లోనే ఊర్లో ఉపాధి పనులు జోరుగా ఉంటాయి. తెల్లవారుజామున పనికి పోయి, ఎండ ముదిరేసరికి వచ్చి, అలసిపోయి పడుకుంటారు. అంటే పొద్దున పిల్లల దగ్గర ఎవరూ ఉండరు, మధ్యాహ్నం ఉన్నా నిద్రలో ఉంటారు. పిల్లలు వచ్చిన ఆ మూడు వారాలు ఇద్దరిలో ఒకరైనా పని మానుకోగలరా? మానుకుంటే పోయే కూలి డబ్బులు వాళ్ల చేతికి మనం ఇవ్వాలి. "మనవళ్లకు కూడా లెక్కలేనా" అని వాళ్లు అంటారు. అయినా ఇవ్వాలి. ఇచ్చిన ఇంట్లో ఎవరో ఒకరు నిజంగా ఇంటిపట్టున ఉంటారు.

రెండోది నీళ్లు. మన సీమ పొలాల్లో తవ్విన సేద్యపు కుంటల్లో కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంటుంది. ఆ పట్టా తడిస్తే నాచు పట్టి జారుతుంది. ఈత వచ్చిన పిల్లలు కూడా గట్టు పట్టుకుని పైకి ఎక్కలేరు. కె.సి. కాలువ, హంద్రీనీవా కాలువ పక్క ఊర్లలోనూ ఇదే భయం. ఎండాకాలంలో కాలువ ఎండినట్టు కనిపించినా గుంతల్లో నిలిచిన నీళ్లు ఎంత లోతో పైనుంచి తెలియదు. ఊరికి పోయిన మొదటిరోజే పెద్దవాళ్లలో ఒకరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిప్పి, ఎక్కడికి పోకూడదో చూపించాలి. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన మాట పిల్లల చెవికి ఎక్కదు.

మూడోది ఇంట్లోనే ఉంటుంది. పురుగుమందు డబ్బాలు, కూల్‌డ్రింక్ సీసాల్లో పోసిపెట్టిన మందు, ఎలుకల మందు, అన్నీ ఎత్తున పెట్టి తాళం వేయించాలి. ముఖ్యంగా కూల్‌డ్రింక్ సీసాలో మందు పోసే అలవాటే మానిపించండి. దాహంగా ఉన్న బిడ్డకు అందులో కనబడేది కూల్‌డ్రింకే. రాత్రి నేల మీద కాకుండా మంచం మీద, దోమతెరలో పడుకోబెట్టాలి. పొద్దున చెప్పులు దులిపి తొడగాలి. తేలు కుడితే పెద్దవాళ్లకు నొప్పితోనే సరిపోవచ్చు, చిన్నపిల్లలకు ప్రాణం మీదికి రావచ్చు. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు. రెండింటికీ మంత్రం కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవడమే. పిట్టగోడ లేని మిద్దె మీద పిల్లలతో పడుకోకూడదు. ఆరుబయట మంచాలు వేసుకున్నా గాలి అదే.

మూడేళ్లలోపు బిడ్డను అమ్మ లేకుండా వారాల తరబడి పంపొద్దనే చెప్తాం. పాలు తాగే బిడ్డనైతే అసలు వద్దు. "ఊరికి పంపితే పాలు తొందరగా మానుతాడు" అని చాలామంది అనుకుంటారు కానీ, ఎండాకాలంలో పాలు మాన్పిస్తే విరేచనాలు పట్టుకున్నప్పుడు బిడ్డకు ఆసరా ఉండదు. చలికాలం వరకు ఆగొచ్చు.

ప్రయాణానికి తెల్లవారుజాము బస్సే మేలు. ఎనిమిదిలోపు ఊరు చేరాలి. ఆర్టీసీలో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, పన్నెండేళ్ల దాకా సగం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి, అమ్మ వారానికోసారి పోయిరావడం ఇప్పుడు భారం కాదు. పిల్లలతో పాటు ఒక సంచిలో ఇవి పెట్టండి:

- టీకాల కార్డు. 16 నుంచి 24 నెలల మధ్య, మళ్లీ ఐదారేళ్లకు పడాల్సిన టీకాలు ఈ ఏడు వారాల్లో మరుగున పడిపోతుంటాయి. ఊరికి పంపేముందే వేయించండి.
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు, ఒక లీటరు గుర్తు ఉన్న సీసా ఒకటి.
- జ్వరం మందు. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ ఉంది, 250 మి.గ్రా. ఉన్నదీ ఉంది. పాత సీసా అయిపోయి ఊర్లో కొత్తది కొంటే బలం రెండింతలు కావచ్చు. డాక్టరు చెప్పిన మోతాదును సీసా మీదే పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.
- బిడ్డ కప్పుకునే దుప్పటి ముక్కో, బొమ్మో. రాత్రి ఏడుపు దాంతోనే సగం తగ్గుతుంది.

మొదటి రెండు రాత్రులు అమ్మో నాన్నో అక్కడే ఉండి రావాలి. చెప్పకుండా, నిద్రపుచ్చి జారుకోవద్దు. అట్లా ఒకసారి చేస్తే తర్వాత ప్రతి నిద్రకూ బిడ్డ బెదురుతుంది. "ఆదివారం వస్తా" అని చెప్పి ఆదివారం రావాలి.

## అవ్వ పట్నానికి వస్తే

మూడేళ్లలోపు బిడ్డకు ఇదే మంచిది. బిడ్డ తన ఇంట్లో, తన పక్కలో ఉంటుంది, రాత్రికి అమ్మ వస్తుంది. ఇబ్బందంతా అవ్వకే, దాని గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. ఊర్లో అరుగు మీద పదిమందితో మాట్లాడే మనిషి మూడో అంతస్తులో తలుపు వేసుకుని తొమ్మిది గంటలు ఉండాలి. పది పన్నెండు కిలోల బిడ్డను రోజుకు ఎన్నిసార్లు ఎత్తుకోవాలో లెక్కేయండి. అరవై దాటినవాళ్లకు కూడా వడదెబ్బ భయం పిల్లలతో సమానం. ఆమె బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయించే రకం ఉంటే, ఎండాకాలానికి మార్చాలేమో డాక్టర్ని అడిగి రావాలి. తనంతట తాను మాత్ర మానేయకూడదు.

అవ్వ వచ్చిన ఇంట్లో మారాల్సింది మన పద్ధతే. పొద్దున ఎనిమిదిలోపు మధ్యాహ్నం వంట అయిపోవాలి. ఆమె చేతికి పొయ్యి పని రాకూడదు. గిన్నెలకు, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టాలి. మంచం, బిడ్డ పక్క, నీళ్ల కూజా, గుడ్డలు, అన్నీ ఒకే గదిలో వంగకుండా అందే ఎత్తులో ఉండాలి. వారంలో ఒకరోజు, అదీ ఆదివారం కాకుండా, ఆమెకు పూర్తిగా సెలవు కావాలి. ఆదివారం ఇంటికి చుట్టాలొస్తారు, ఆమెకు పని ఇంకా పెరుగుతుంది. నెల ఖర్చుకు డబ్బు అడగకముందే చేతిలో పెట్టండి. నాలుగు వారాలు దాటితే అమ్మవైపు అవ్వ, నాన్నవైపు అవ్వ వంతులు వేసుకోవడం మంచిది. ఒక్కరి మీదే ఏడు వారాలు మోపితే వచ్చే ఏడాది పిలవాలన్నా నోరు రాదు.

ఇక ఫోను. అవ్వ అలసిపోయిన మధ్యాహ్నం బిడ్డ చేతికి ఫోను చేరుతుంది, ఆమెను తప్పుపట్టడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది బిడ్డకు అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని చెప్తుంది. ఆ గంట ఎప్పుడో ముందే అనుకోండి. మధ్యాహ్నం రెండు నుంచి మూడు గంటల దాకా అనుకుంటే అవ్వకు నడుం వాల్చే వీలు దొరుకుతుంది, బిడ్డ గదిలోనే ఉంటుంది. తలుపు గడియ మాత్రం పైన ఉండాలి.

## డే కేర్

మొదటి ప్రశ్న ఫీజు గురించి అడగొద్దు. "మే నెలంతా తెరిచి ఉంటుందా, జూన్ 11 దాకా?" అని అడగండి. ప్లే స్కూల్‌తో పాటు నడిచే డే కేర్‌లు కొన్ని మే నెలలో మూసేస్తాయి, కొన్ని మధ్యాహ్నం రెండింటికే పిల్లల్ని పంపించేస్తాయి. మిట్ట మధ్యాహ్నం ఆటోలో బిడ్డ ఇంటికి రావడమంటే డే కేర్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

తర్వాతి ప్రశ్నలు: మూడేళ్లలోపు పిల్లలు ఎంతమందికి ఒక ఆయా? ఐదారుగురికి మించితే నీళ్లు తాగించడం వంతుల లెక్కన నడుస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేది ఏది, ఫ్యానా కూలరా? పిల్లలు పడుకునే గది కింద ఉందా పైన ఉందా? జ్వరం వచ్చిన బిడ్డను ఇంటికి పంపిస్తారా? ఎండాకాలంలో ఆటలమ్మ, గవదబిళ్లలు ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. పంపించేవాళ్ల దగ్గరే మీ బిడ్డను ఉంచండి. అప్పుడు మీ బిడ్డనూ పంపిస్తారు, కాబట్టి నాలుగైదు రోజుల సెలవు చేతిలో ఉంచుకోవాలి.

చేర్చడం ఏప్రిల్ 24న కాకుండా పది రోజుల ముందే మొదలుపెట్టాలి. మొదటి మూడు రోజులు రెండేసి గంటలు, తర్వాత అన్నం తినేదాకా, తర్వాత నిద్ర కూడా. ఏడ్చి ఏడ్చి నీళ్లు తాగని బిడ్డ ఈ ఎండల్లో తొందరగా డీలా పడుతుంది. మెల్లగా అలవాటు చేయాలనేది అందుకే.

మీ ఆఫీసులో 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేస్తుంటే, ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం అక్కడ శిశుసంరక్షణ గది ఏర్పాటు ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చు. అడిగినవాళ్లు తక్కువ కాబట్టే పెట్టినవాళ్లూ తక్కువ. నలుగురు తల్లులు కలిసి రాతపూర్వకంగా అడగండి.

డబ్బాలో పెరుగన్నం పెడితే మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఎనిమిదింటికి గోరువెచ్చని అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, ఒక్క స్పూను పెరుగు కలపండి. పన్నెండున్నరకు కమ్మగా తోడుకుని ఉంటుంది. కొబ్బరి చట్నీ, పల్చని పప్పు ఈ వేడికి తొందరగా పాడవుతాయి. చెనిక్కాయ (వేరుశెనగ) గింజలు ఐదేళ్లలోపు పిల్లల డబ్బాలో వేయకండి, గొంతులో అడ్డం పడతాయి. పొడి కొట్టి అన్నంలో కలపండి.

## సమ్మర్ క్యాంపు, ఇంటి మనిషి, సొంత సెలవులు

క్యాంపు మంచిదే, కానీ అది రెండు మూడు గంటల ఏర్పాటు. మైదానంలో ఆటలైతే ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగిసేదే తీసుకోండి. తొమ్మిది దాటాక బయట ఆడించే క్యాంపు ఎంత పేరున్నదైనా వద్దు. గ్రంథాలయాల్లో జరిగే వేసవి విజ్ఞాన శిబిరాలు కథలు, బొమ్మలు, చదువుతో నీడలో నడుస్తాయి, ఫీజు భారం ఉండదు. ఈత నేర్పిస్తే పిల్లలు నిలబడగలిగే లోతు విడిగా ఉందా, గట్టు మీద చూసే మనిషి ఉన్నాడా అన్నవి చూసి చేర్చండి. ఏ క్యాంపుకైనా అడగాల్సిన అసలు ప్రశ్న: అయిపోయాక బిడ్డను ఎవరు తెస్తారు, తెచ్చి ఎవరికి అప్పజెప్తారు? దీనికి జవాబు లేకపోతే క్యాంపు వల్ల మీ చిక్కు తీరదు, ఇంకొకటి పెరుగుతుంది.

ఇంటికి మనిషిని పెట్టుకునేటప్పుడు పక్కింటామెనో, తెలిసిన ఇంటి నుంచి వచ్చే మనిషినో చూడండి. జీతం, గంటలు, ఏ పని చేయనక్కర్లేదో ముందే మాట్లాడుకోవాలి. బిడ్డను చూసే మనిషికి బట్టలు, గిన్నెలు కూడా అప్పజెప్తే ఆమె కళ్లు బిడ్డ మీద ఉండవు.

"అక్క చూసుకుంటుందిలే" అని ఎనిమిదేళ్ల పిల్లకు మూడేళ్ల తమ్ముడిని అప్పజెప్పి బయట తాళం వేసి పోయే ఇళ్లు ఉన్నాయి. ఇది ఏ పట్టికలోనూ పెట్టదగ్గ దారి కాదు. గ్యాస్ వాసన వస్తే, తమ్ముడికి ఫిట్స్ వస్తే, కరెంటు పోయి గది ఉడికిపోతే ఆ పిల్ల తలుపు తీసుకోలేదు. ఒక్కరోజు జీతం పోయినా ఆరోజు ఇంట్లో ఉండటమే మంచిది. "ఐదు నిమిషాల్లో వస్తా" అని కారులో వదిలిపోవడం కూడా ఇంతే. మూసిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

సెలవుల విషయానికొస్తే, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 180 రోజులు ఉంది. దాన్ని మే నెల నడిమి రెండు వారాలకు వాడుకోండి. ఆ రెండు వారాలకు దరఖాస్తు మార్చిలోనే పెట్టాలి, ఏప్రిల్‌లో అందరూ పెడతారు. ప్రైవేటు ఉద్యోగులైతే ఇద్దరూ ఒకేసారి సెలవు పెట్టకుండా వంతులు వేసుకోండి. ఇద్దరికీ చెరి ఆరు రోజులు దొరికినా 42లో 12 తగ్గినట్టు.

## బిడ్డ వయసును బట్టి

ఏడాదిలోపు బిడ్డకు అమ్మ సెలవు, అది కుదరకపోతే అవ్వ పట్నానికి రావడం. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎంత ఎండైనా విడిగా నీళ్లు అక్కర్లేదు, అమ్మపాలే ఎక్కువసార్లు పట్టాలి. ఏడాది నుంచి మూడేళ్ల దాకా అవ్వ, ఆమెకు వీలుకాకపోతే బాగా చూసి ఎంచుకున్న డే కేర్. మూడు నుంచి ఐదు దాకా డే కేర్ మొదట, మధ్యలో అమ్మతో కలిసి వారం రోజులు పల్లె. ఆరు దాటితే పొద్దున క్యాంపు, పగలు ఇంట్లో పెద్దమనిషి, మూడు వారాలు పల్లె.

ఆరేళ్లు, రెండేళ్ల పిల్లలిద్దరూ ఉన్న ఇంట్లో 42 రోజులు ఇట్లా సర్దుకోవచ్చు. మొదటి ఆరు పనిదినాలు అమ్మానాన్న వంతులవారీ సెలవు. తర్వాత 18 రోజులు పెద్దబిడ్డ పల్లెలో, చిన్నబిడ్డ డే కేర్‌లో. తర్వాత 12 రోజులు పెద్దబిడ్డతో పాటే అవ్వ పట్నానికి వస్తుంది, ఇద్దరూ ఇంట్లోనే. చివరి ఆరు రోజులు మళ్లీ అమ్మానాన్నలే. బడి తెరిచేముందు నిద్రవేళలు సర్దడానికి ఆ ఆరు రోజులు కావాలి. పిల్లలిద్దర్నీ ఒకేచోట ఉంచాలన్న నియమం లేదు. పల్లెలో అవ్వ ఒక్కతే రెండేళ్ల బిడ్డ వెనక పరిగెత్తితే ఆరేళ్ల బిడ్డ కాలువ దగ్గరికి పోయేది కనిపించదు.

## ఎక్కడ ఉంచినా

ఆ గడపలో ఒక కాగితం అంటించండి: రెండు ఫోను నంబర్లు, దగ్గరి ఆసుపత్రి, 108. ఎండ రోజుల్లో రాష్ట్ర విపత్తుల సంస్థ ఏ మండలాల్లో వడగాడ్పులుంటాయో ముందురోజే చెప్తుంది. మీ మండలం అందులో ఉంటే ఆరోజు క్యాంపు, ప్రయాణం రెండూ మానేయండి.

నాలుగైదేళ్ల బిడ్డ రోజుకు లీటరు పైనే తాగాలి, ఒక్కసారిగా కాకుండా గంటకోసారి అరగ్లాసు. పల్చని మజ్జిగ, రాగి అంబలి, కర్బూజా ముక్కలు అన్నీ పనికొస్తాయి. వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు చెడు చేస్తుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలకు ఆ మాట వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి.

అనుకున్న ఏర్పాటు పనిచేస్తోందా లేదా అన్నది బిడ్డను చూస్తే తెలుస్తుంది. ఆరు గంటలైనా మూత్రం పోకపోవడం, పోసినా ముదురు పసుపు రంగులో ఉండటం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం అంటే ఆరోజే నీళ్ల విషయం సరిచేయాలి. ఒళ్లు కాలిపోతూ మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. పారాసిటమాల్ దానికి పనిచేయదు, మత్తులో ఉన్న బిడ్డ నోట్లో నీళ్లు పోయకూడదు. ఇవేవీ లేకుండా, మానిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, బాగా మాట్లాడే బిడ్డ మాట్లాడకపోతే, ఫలానా ఇంటికి పోనని మారాం చేస్తే, దాన్ని మొండితనం అనుకోకుండా రెండు రోజులు సెలవు పెట్టి బిడ్డతో కూర్చోండి. కట్టిన ఫీజు పోతుందని ఆగొద్దు. ఏర్పాటు మార్చండి.